ఫీజు కట్టాక మిగిలే ఖర్చు

వార్షిక సర్వసభ్య సమావేశంలో విద్యా కమిటీ తరఫున చేసిన ప్రసంగ పాఠం



 విద్యా కమిటీ తరఫున పది నిమిషాలు మాట్లాడమన్నారు. ముప్ఫై ఏళ్లు బడిలో పాఠం చెప్పినవాళ్లకి పది నిమిషాలు హాజరు పిలవడానికే సరిపోతాయి. అయినా తొందరగానే ముగించడానికి చూస్తాం.

సచార్ కమిటీ 2006లో ఇచ్చిన నివేదిక లెక్కలు ఈ వేదిక మీద ఎన్నోసార్లు విన్నారు, మళ్లీ చదవం. ఆ తర్వాతి సంగతి ఒకటి గుర్తుచేస్తాం. 2007లో మనకు బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా తోడైంది. మన గుంటూరులో ఆనందపేట, సంగడిగుంట, పొన్నూరు రోడ్డు సందుల్లో టెన్త్‌తో ఆగిపోయే పిల్లలు డిగ్రీ దాకా, ఇంజనీరింగ్ దాకా వెళ్లారు. అల్‌హందులిల్లాహ్. కానీ ఆ పట్టాలు చాలా ఇళ్లలో బీరువాలోనే ఉన్నాయి. అబ్బాయి పొద్దున్నే పార్సిళ్ల బండి తీస్తున్నాడు. ఆ పనిని చిన్నచూపు చూడటం లేదు, అది కష్టార్జితం. కాకపోతే బీకాం కంప్యూటర్స్ చదివిన పిల్లవాడికి మూడేళ్లలో ఒక్కసారైనా కంప్యూటర్ మూత విప్పి లోపల చూసే అవకాశం రాలేదంటే, బడి మనుషులం కాబట్టి మాకు సిగ్గేస్తుంది.

అందుకే మూడేళ్ల కిందట మీ అందరి అనుమతితో కంప్యూటర్ సర్టిఫికేషన్ల శిక్షణ మొదలుపెట్టాం. ఇది డిగ్రీ కాదు, డిప్లొమా కూడా కాదు. కంపెనీలు పెట్టే పరీక్ష. పాసైతే ఈ మనిషికి ఈ పని వచ్చు అని ఆ కంపెనీ కాగితం ఇస్తుంది. మేము రెండు పరీక్షలు ఎంచుకున్నాం. ఒకటి కాంప్‌టియా వాళ్ల ఏ ప్లస్. కంప్యూటర్ విప్పడం, బిగించడం, విండోస్ సరిచేయడం, ప్రింటర్ మొరాయిస్తే దారికి తేవడం లాంటివి అందులో ఉంటాయి. రెండు పేపర్లు, ఒక్కొక్కటి 90 నిమిషాలు. మొత్తం 900 స్కోరులో ఒకదానికి 675, రెండోదానికి 700 రావాలి. ఇంకొకటి సిస్కో వాళ్ల సీసీఎన్‌ఏ. ఇది నెట్‌వర్క్ పని, 120 నిమిషాల పరీక్ష, ఏ ప్లస్ కన్నా గట్టిది. దీని ఫీజు 300 అమెరికా డాలర్లు. పన్ను కలిపితే మన డబ్బుల్లో ముప్ఫై వేల దరిదాపులకు పోతుంది. రెండు సర్టిఫికెట్లకూ గడువు మూడేళ్లే, ఆ తర్వాత పునరుద్ధరించుకోవాలి. పెళ్లి ఫోటోలా గోడకు కట్టేసి మర్చిపోయే వస్తువు కాదని తల్లిదండ్రులకు ముందే చెబుతున్నాం.

మొదటి ఏడాది మేము చేసిన పొరపాటు దాచుకోవడం ఇష్టం లేదు, ఎందుకంటే అందులో మీ డబ్బుంది. ఒక శిక్షణ కేంద్రం వాళ్లు వచ్చి నూరు శాతం ఉద్యోగ హామీ అన్నారు. 14 మంది పిల్లలకు ఒకేసారి డబ్బు కట్టేశాం. నాలుగు నెలలు స్లైడ్లు చూపించారు. పిల్లల చేతికి ఒక్క స్క్రూడ్రైవర్ ఇవ్వలేదు. చివర్లో ఆ కేంద్రమే అచ్చువేసిన రంగు కాగితం ఒకటి ఇచ్చి ఫోటో దిగారు. అసలు పరీక్షకు ఒక్కరూ కూర్చోలేదు. ఆ ఫోటో గతేడాది సంచికలో కూడా పడింది. దాన్ని చూసినప్పుడల్లా మాకు ముఖం చెల్లదు. బడిలో ముప్ఫై ఏళ్లుగా పిల్లవాడి నోటుబుక్కు తెరిచి చూడకుండా మార్కులు వేయని మేము, ఆ నాలుగు నెలల్లో ఒక్కరోజు కూడా తరగతిలో వెనక బెంచీ మీద కూర్చుని చూడలేదు.

రెండో ఏడాది షాదీఖానా పై గది అడిగి తీసుకున్నాం. మన సభ్యుల్లో ఒకరు తమ ఆఫీసులో తీసేసిన పది పాత కంప్యూటర్లు ఇచ్చారు. వాటిలో నాలుగు మాత్రమే నడిచేవి. అదే మంచిదైంది. నడవని ఆరింటి మీదే పిల్లలు పని నేర్చుకున్నారు. ర్యామ్ సరిగ్గా కూర్చోకపోతే ఏ రకం బీప్ వస్తుందో, ప్రాసెసర్ మీద పేస్టు ఎండిపోతే మిషన్ ఎందుకు దానంతట అదే ఆగిపోతుందో పుస్తకం తెరవకముందే తెలిసింది. కేబుల్ కొనకు క్లిప్పు బిగించడం నేర్పాం. లోపల ఎనిమిది తీగలు: తెల్ల నారింజ, నారింజ, తెల్ల ఆకుపచ్చ, నీలం, తెల్ల నీలం, ఆకుపచ్చ, తెల్ల గోధుమ, గోధుమ. ఈ వరుస తప్పితే లైను రాదు. వారం తిరిగేసరికి పిల్లలు దీన్ని ఎక్కాల్లా అప్పజెప్పడం మొదలుపెట్టారు. పెద్ద రౌటర్లు కొనే స్తోమత మనకు లేదు. సిస్కో వాళ్లే ప్యాకెట్ ట్రేసర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా ఇస్తారు, తెర మీదే నెట్‌వర్క్ కట్టి చూసుకోవచ్చు. కింద పెళ్లి జరుగుతుంటే పైన క్లాసు జరిగింది. బిర్యానీ వాసనకు మధ్యాహ్నం ఏకాగ్రత కొంత చెదిరిందన్నది ఒప్పుకుంటాం.

నేర్పేది వేరే కుర్రవాడు. మన వీధివాడే, హైదరాబాదులో నెట్‌వర్క్ పని చేస్తూ ప్రతి ఆదివారం వచ్చేవాడు. మేము వెనక కూర్చుని విన్నాం, మాకు తోచినచోట మధ్యలో లేచాం. సబ్‌నెట్ దగ్గర పిల్లలందరూ ఆగిపోయారు. ఆ అబ్బాయికి పని వచ్చు, కానీ పని రావడం వేరు, చెప్పడం రావడం వేరు. బీఈడీలో మాకు మొదట నేర్పిన మాట, తెలిసినదాని నుంచి తెలియనిదానికి వెళ్లమని. ఐపీ అడ్రస్ అంటే 32 బిట్ల సంఖ్య. దాన్ని వీధి, ఇల్లు అని రెండు ముక్కలు చేసి బోర్డు మీద పెట్టాం. స్లాష్ 26 అంటే 26 బిట్లు వీధికి పోయాయి, ఇళ్లకు 6 మిగిలాయి. రెండును ఆరుసార్లు వేసి గుణిస్తే 64. అందులో మొదటి నంబరు వీధి పేరుకే పోతుంది. చివరిది వీధిలో అందరినీ ఒక్కసారే పిలిచే కేకకు పోతుంది. మిగిలింది 62 ఇళ్లు. అప్పుడు వెనక నుంచి ఒక అమ్మాయి, "ఇంతేనా సార్?" అంది. ఇంతే. లెక్కల మాస్టార్లకు ఈ తరగతిలో పని ఉందని ఆ రోజు మాకూ తెలిసింది.

పిల్లలకు లెక్క కన్నా భాష ఎక్కువ అడ్డం వచ్చింది. ఉర్దూ మీడియం వాళ్లు కొందరు, తెలుగు మీడియం వాళ్లు కొందరు. జవాబు తెలుసు, ప్రశ్న అడిగేది తెలియదు. ఏ ప్లస్ ప్రశ్నల్లో నాలుగు జవాబులూ ఒప్పే అనిపిస్తాయి. 'అన్నిటికన్నా ముందు ఏం చేయాలి' అన్న ఒక్క మాట దగ్గరే మార్కు ఉంటుంది. ఆ మాట మీదుగా కళ్లు జారిపోయేవి. ఆ పాఠ్యాంశంలోనే మరమ్మతు పద్ధతి అని ఆరు మెట్లు ఉన్నాయి. మొదటి మెట్టు సమస్య ఏమిటో గుర్తించడం, అంటే వాడేవాళ్లను అడిగి తెలుసుకోవడం. తర్వాత కారణం ఊహించడం, ఆ ఊహను పరీక్షించడం, ఏం చేయాలో నిర్ణయించి చేయడం, అంతా సరిగ్గా నడుస్తోందా చూడటం, చేసింది రాసిపెట్టడం. మన పిల్లలు మొదటి మెట్టు ఎక్కకుండానే స్క్రూడ్రైవర్ పట్టుకునేవాళ్లు. "ముందు అడగరా, తర్వాత విప్పుదువు గాని" అని ఎన్ని ఆదివారాలు అన్నామో.

ఆ మాట మేమే పాటించలేదు. ఇప్పుడు చెప్పబోయేది అదే.

ఆ బ్యాచ్‌లో అందరికన్నా చురుకైన పిల్లవాడు ఒకడు ఉన్నాడు. తండ్రికి ఆయాసం, పనికి వెళ్లలేడు. తల్లి కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్తుంది. పిల్లవాడు మొదటి రెండు నెలలు ఒక్క ఆదివారం మానలేదు. మూడో నెల నుంచి ఆలస్యంగా రావడం, వచ్చినా కునికిపాట్లు పడటం. వరసగా నాలుగు వారాలు రాలేదు. మన నియమావళిలో మూడుసార్లు రాకపోతే పేరు తీసేయాలని ఉంది. మేమే రాసిన నియమం. పేరు కొట్టేశాం. అతని పేర పరీక్ష ఫీజుకు పక్కన పెట్టిన డబ్బు ఇంకొకరికి రాశాం. దాతల సొమ్ము వృథా కానివ్వలేదని మీటింగు మినిట్స్‌లో కూడా రాసుకున్నాం.

నెల తర్వాత ఆ తల్లి బడికి వచ్చింది. మిరప ఘాటుకు వేళ్లు వాచి ఉన్నాయి. కూర్చోమంటే కూర్చోలేదు. "రాలేదని కొట్టేశారంటగా సార్. ఎందుకు రాలేదో అడిగారా?" అంది. ఆవిడకు నెల రోజులు జ్వరం, పనికి పోలేదు. పిల్లవాడు రాత్రిపూట ఆటో అద్దెకు తీసుకుని తోలాడు. తెల్లవారి క్లాసుకు వచ్చి కునికేది అందుకే. ఆవిడ ఇంకేం అనలేదు, వెళ్లిపోయింది.

మేము ఇంటికి వెళ్లి పిల్లవాణ్ణి పిలిచాం. అప్పటికే సొంతానికి ఆటో తీసుకున్నాడు. "కంతులున్నాయి సార్, ఇప్పుడు కుదరదు" అన్నాడు. మర్యాదగానే అన్నాడు, టీ కూడా తెప్పించాడు. మొన్నీమధ్య బస్టాండు దగ్గర అనుకోకుండా అతని ఆటోనే ఎక్కాం. డబ్బులు తీసుకోలేదు. దిగేటప్పుడు ఊరికే, "స్లాష్ 27కి ఎన్ని ఇళ్లు రా?" అన్నాం. వెనక్కి తిరక్కుండానే "30 సార్" అన్నాడు.

ఆ రోజు అతనికి కావాల్సింది ముప్ఫై వేల ఫీజు కాదు. నెలకు మూడు, నాలుగు వేలు, అదీ రెండు నెలలు. మన దగ్గర ఆ పద్దు లేదు. పరీక్ష ఫీజుకు రసీదు వస్తుంది, బియ్యానికి రాదు. రసీదు వచ్చే ఖర్చే మనకు ఇష్టం. దాతలను తప్పుపట్టడం లేదు, లెక్క అడిగేది కూడా మీరే, అడగాలి కూడా. కాని ఆ నియమం రాసినవాళ్లం మేము.

ఇంకొక నష్టం మా చేతివాటమే. ఒక అబ్బాయి పరీక్షకు మేమే దరఖాస్తు నింపాం. టెన్త్ మెమోలో అతని ఇంటిపేరు 'ఎస్‌కే' అని పొట్టిగా ఉంది, ఆధార్‌లో 'షేక్' అని పూర్తిగా ఉంది. మేము మెమో చూసి నింపాం. పాపం తెల్లవారుజామున బస్సెక్కి హైదరాబాదు వెళ్తే, గుర్తింపు కార్డులో పేరు కలవలేదని లోపలికి రానివ్వలేదు. వాళ్ల నిబంధన అది, తప్పు మాది. ఫీజు పోయింది. ఇక్కడున్న తల్లిదండ్రులకు ఒక మనవి. ఎస్‌కే, షేక్, ఎండీ, మహమ్మద్ అని మన పిల్లల పేర్లు ఒక్కో కాగితంలో ఒక్కోలా ఉంటాయి. టెన్త్ ఫారం నింపే నాడే ఆధార్ పక్కన పెట్టుకుని చూసుకోండి. ఇప్పుడు మేము చేరిన మొదటి వారంలోనే అందరి కాగితాలు తెప్పించి, తేడా ఉన్నవి మీసేవకు పంపుతున్నాం.

దొంగ ప్రశ్నపత్రాల సంగతి కూడా చెప్పాలి. డంప్స్ అంటారు. పరీక్ష రాసినవాళ్లు గుర్తుపెట్టుకుని వచ్చిన ప్రశ్నలు అమ్మే వ్యాపారం. రెండు వేలిస్తే ఫోనుకే వస్తాయి. ఇద్దరు పిల్లలు కొని తెచ్చి, "అందరూ చదువుతారు సార్" అన్నారు. అది పరీక్ష పెట్టేవాళ్ల నియమాలకు విరుద్ధం, దొరికితే సర్టిఫికెట్ రద్దు చేస్తారు. దొరక్కపోయినా ఇంటర్వ్యూలో కేబుల్ చేతికిస్తే బయటపడతాడు. అన్నిటికీ మించి, మీరు ఇచ్చిన సొమ్ముతో దొంగ కాగితం కొంటే ఆ జీతం ఇంట్లో ఏ ముఖంతో ఇస్తాడు? ఆ ఇద్దరితో ఫోన్‌లోంచి తీయించి, ఇంకో మూడు నెలలు కూర్చోబెట్టాం. ఒకడు పాసయ్యాడు. రెండోవాడు తప్పాడు. సీసీఎన్‌ఏ తప్పితే ఐదు రోజులు ఆగి మళ్లీ రాయొచ్చు, కానీ ఫీజు మళ్లీ మొత్తం కట్టాలి. ఆ రెండో ఫీజు ఇచ్చిన పెద్దమనిషి ఈ సభలోనే ఉన్నారు, పేరు చెప్పొద్దన్నారు. పిల్లవాడు రెండోసారి గట్టెక్కాడు.

పాసైన రోజు మిఠాయి పంచుతారు, ఆ మర్నాటి నుంచి అసలు తిప్పలు మొదలవుతాయి. మొదటి ఉద్యోగం ఎలా ఉంటుందో ఇళ్లలో ముందే చెప్పుకోవాలి. డెస్క్‌టాప్ సపోర్ట్ అంటారు. ఎవరో మీట నొక్కడం మర్చిపోయి తెర రాలేదని ఫోను చేస్తారు, వెళ్లి నొక్కి రావాలి, అదీ నవ్వు ముఖంతో. మా పిల్లల్లో మొదటివాడికి నెలకు 14,000 జీతంతో హైదరాబాదులో వచ్చింది. ఇంట్లో వాళ్ల ముఖాలు వాడిపోయాయి. కంప్యూటర్ ఉద్యోగమంటే లక్షలనుకున్నారు. హాస్టలుకు, తిండికి పోగా మిగిలేది తక్కువే. పైగా చేరగానే హాస్టలు అడ్వాన్సు కట్టాలి, నల్లబూట్లు, రెండు జతల బట్టలు కొనాలి, మొదటి జీతం నెల గడిచాక గాని రాదు. ఆ నెల గడవక తిరిగి వచ్చేసిన పిల్లవాడు ఒకడు ఉన్నాడు. ఇంకొకడికి చేరే ముందు డిగ్రీ ఒరిజినల్స్ అడిగారు. ఫీజు బకాయి ఉందని కాలేజీ వాళ్లు అట్టిపెట్టుకున్నారు. ఎనిమిది వేలు కట్టి విడిపించడానికి మేము పడిన తిరుగుడు వేరే ప్రసంగం అవుతుంది. ఏడాది ఓర్చుకున్నవాళ్లకు తర్వాత దారి కనిపిస్తోంది. 14,000తో చేరినవాడు ఇప్పుడు నెట్‌వర్క్ టీములో ఉన్నాడు. రాత్రి డ్యూటీ, జీతం రెట్టింపు దాటింది. చెల్లెలి ఇంటర్ ఫీజు అతనే కడుతున్నాడు.

ఆడపిల్లల విషయం. బ్యాచ్‌లో నలుగురు చేరారు, ముగ్గురు ఏ ప్లస్ పూర్తిచేశారు. చదువులో అబ్బాయిల కన్నా ముందున్నారు, ముఖ్యంగా రాసిపెట్టే ఆరో మెట్టులో. ఇందాక "ఇంతేనా" అన్న అమ్మాయి ఇక్కడే ఒక ఆసుపత్రిలో కంప్యూటర్ల విభాగంలో పగటి డ్యూటీ చేస్తోంది. మిగతా ఇద్దరికీ హైదరాబాదు పిలుపు వచ్చినా ఇంట్లో పంపలేదు. వాళ్లను మేము తప్పుపట్టం. ఒక తల్లి మమ్మల్ని అడిగింది, "రాత్రి పది గంటలకు డ్యూటీ దిగితే ఏ బస్సు, సార్? దిగి ఎవరింటికి?" మా దగ్గర జవాబు లేదు. హైదరాబాదులో స్థిరపడిన మన దాతల కుటుంబాలు నాలుగు ముందుకొచ్చి, మొదటి ఆర్నెల్లు ఒక్కో అమ్మాయిని చూసుకుంటామంటే జవాబు ఉంటుంది. దీనికి డబ్బు కన్నా ఒక గది, ఒక పెద్దదిక్కు కావాలి.

ఇక అడగవలసింది. పరీక్ష ఫీజులకు మీరు ఇస్తున్నది ఇవ్వండి, ఆపొద్దు. దానితోపాటు రసీదు రాని పద్దు ఒకటి తెరవడానికి ఈ సభ ఒప్పుకోవాలి. ఇల్లు గడవక క్లాసు మానేసే పిల్లవాడి ఇంటికి రెండు మూడు నెలల సామాను, ఉద్యోగంలో చేరేవాడికి మొదటి నెల ఖర్చు, ఒక్కసారి తప్పినవాడికి రెండో ఫీజు, ఈ మూడింటికి. జకాత్, సదఖా ఖాతాలు వేర్వేరుగా రాస్తున్నాం. జకాత్‌కు అర్హులెవరో మన ఆలిం గార్లు చూసి చెబుతారు, ఆ గీత దాటం. రసీదు ఉండదు కాబట్టి, ప్రతి ఇంటికీ కమిటీ వాళ్లిద్దరు వెళ్లి చూసి సంతకం పెడతాం. ఆ పుస్తకం ఏ దాతైనా ఎప్పుడైనా చూడొచ్చు. మూడుసార్లు రాకపోతే పేరు తీసేసే నియమం మార్చాం. మూడుసార్లు రాకపోతే ఇప్పుడు ఇంటికి వెళ్తున్నాం.

ఆటో అబ్బాయి కంతులు వచ్చే రంజాన్‌కు అయిపోతాయట. అతని సీటు ఉంచాం. వస్తాడో రాడో అల్లాహ్‌కే తెలుసు.

ఇళ్లలో, ఆఫీసుల్లో పాత ల్యాప్‌టాప్‌లు, కంప్యూటర్లు ఉంటే పారేయకండి. చెడిపోయినవైతే ఇంకా మంచిది. అసర్ తర్వాత సొసైటీ ఆఫీసులో ఎవరో ఒకరం ఉంటాం. చివరిగా షాదీఖానా బుక్ చేసుకునే పెద్దలకు ఒక మనవి: ఆదివారాలు పై గది మెట్ల మీద వంట డేగిసాలు పెట్టించకండి. పోయినసారి పరీక్ష ముందు రోజు పిల్లలు వాటి మీదుగా గెంతుకుంటూ ఎక్కారు, ఒకడి చొక్కాకు పట్టిన మసి మర్నాడు హైదరాబాదు దాకా వెళ్లింది.